పెద్ద కృష్ణబిలమే నయమా?

ప్రశ్న: కృష్ణబిలంలో పడితే మనిషి దారంలా సాగిపోతాడంటారు. బిలం ఎంత పెద్దదైతే అంత ఘోరంగా సాగదీస్తుందా?

జవాబు: లెక్క తలకిందులు. చంపేది గురుత్వం కాదు, తలకీ కాళ్లకీ మధ్య దానిలో వచ్చే తేడా. ద్రవ్యరాశి పెరిగితే ఈ తేడా పెరుగుతుంది. దూరం పెరిగితే మాత్రం దూరం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. తిరగని బిలానికి ఒక్కో సూర్యుడి ద్రవ్యరాశికీ ఘటనా క్షితిజ (దాటితే వెనక్కి రాలేని అంచు) వ్యాసార్ధం సుమారు 3 కిలోమీటర్లు పెరుగుతుంది. అందుకే బిలం పది రెట్లు బరువైతే అంచు దగ్గర తేడా నూరో వంతుకు పడిపోతుంది.

పది సూర్యుల బిలం అంచున, 2 మీటర్ల పొడవుకు తేడా భూమి గురుత్వానికి 2 కోట్ల రెట్లు. అంతదాకా వెళ్లనక్కర్లేదు: వెయ్యి కిలోమీటర్ల దూరంలోనే 500 రెట్లు దాటుతుంది. మన పాలపుంత మధ్యనున్న 40 లక్షల సూర్యుల సాజిటేరియస్ ఎ-స్టార్ అనే బిలం అంచున అది భూమి గురుత్వంలో 7,000వ వంతుకన్నా తక్కువ. దాటినట్టే తెలీదు (చుట్టూ మరిగే వాయువు ఊరుకుంటే!). లోపల, కేంద్రాన్ని చేరేలోగా మిగిలేది మహా అయితే ఒక నిమిషం.

నక్షత్రాలకూ ఇదే లెక్క. బిలం సుమారు 10 కోట్ల సూర్యులను మించితే, సూర్యుడిలాంటి నక్షత్రం బయట చిరగకుండా సాంతం లోపలికి పోతుంది. చిరిగేటప్పుడు వచ్చే మెరుపు టెలిస్కోపులకు చిక్కదు. ఉబ్బిన అరుణ మహాతారలు మాత్రం అక్కడా చిరుగుతాయి.