నర్స్ ప్రాక్టీషనర్ కావాలా? ముందు రెండేళ్లు లేబర్ రూమ్‌లో నైట్లు చెయ్యండి

బీఎస్సీ నర్సింగ్ ఫైనల్ ఇయర్‌లో ఉన్నానని, ఉద్యోగంలో చేరి టైమ్ వేస్ట్ చేసుకోకుండా నేరుగా నర్స్ ప్రాక్టీషనర్ (అదనపు ట్రైనింగ్‌తో కొన్ని కేసులు తనే చూసుకునే నర్సు) కోర్సులో చేరొచ్చా అని అడిగావు. కుదరదమ్మా. ఐసీయూ వైపు రెండేళ్ల పీజీ రెసిడెన్సీ ఉంది, దానికి బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది ఆసుపత్రిలో చేసుండాలి, క్రిటికల్ కేర్‌లో అయితే మరీ మంచిది. కాన్పుల వైపు 18 నెలల మిడ్‌వైఫరీ కోర్సు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లు కూడా చేరొచ్చు గానీ, ఎవరైనా సరే రెండేళ్లు ప్రసవాలు చేసిన అనుభవం అడుగుతారు. నాది ఈ రెండోది. ఐసీయూ సంగతి ఐసీయూ వాళ్లనే అడుగు.

ఆ "టైమ్ వేస్ట్" అన్న మాట దగ్గర మాత్రం నాకు చెప్పాల్సింది ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన రెండో నెల. ఒక సర్కారు దవాఖాన, నైట్ డ్యూటీ. లేబర్ రూమ్‌లో ముగ్గురు, సిస్టర్‌ని నేనొక్కదాన్ని. డ్యూటీ డాక్టరమ్మ పైన థియేటర్‌లో సిజేరియన్‌లో ఉంది. ముగ్గురిలో ఒకమ్మాయికి తొలికాన్పు. టేబుల్ మీద పడుకోమంటే పడుకోదు. లేచి కిటికీ ఊచలు పట్టుకుని గొంతుక్కూచుంటోంది. నేను తిట్టాను. ఆ రోజుల్లో లేబర్ రూముల్లో మేం ఏమని తిట్టేవాళ్లమో ఇక్కడ రాయలేను, సిగ్గేస్తుంది. రెండుసార్లు రెక్క పట్టుకుని టేబుల్ ఎక్కించాను, రెండుసార్లూ దిగిపోయింది. మూడోసారి మా ఆయమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కూసోనియ్యి సిస్టర్. గట్లుంటేనే ఆమెకు మంచిగుంటది. నువ్వు కిందికి రా."

కిందికి వచ్చాను. నేల మీద మాకింటాష్ (రబ్బరు షీటు), దాని మీద దుప్పటి పరిచాం. డాప్లర్ జెల్ అయిపోయింది, నీళ్లు రాసి పెడితే బిడ్డ గుండె నిమిషానికి 140 వినపడింది. కాసేపటికి తల కనిపించింది. నేను కత్తెర అందుకోబోతుంటే ఆయమ్మ కళ్లతోనే వద్దంది. కోత లేదు, కుట్టు లేదు. ఆడపిల్ల, రెండు కిలోల తొమ్మిది వందలు. తొడకి, రక్తం ఎక్కువ పోకుండా, ఆక్సిటోసిన్ పది యూనిట్లు ఇచ్చేటప్పుడు కూడా నా చెయ్యి వణుకుతూనే ఉంది.

పొద్దున నాకు మెమో ఇచ్చారు. టేబుల్ ఉండగా కింద డెలివరీ ఏంటని సంజాయిషీ రాయించుకున్నారు. రాసిచ్చాను, ఇంకెప్పుడూ చెయ్యనని.

ఐదేళ్ల తర్వాత మిడ్‌వైఫరీ ట్రైనింగ్‌లో, మొదటి వారమే, మేడమ్ చాప పరిచి తనే గొంతుక్కూచుని చూపించారు. "ఇలా కూర్చుంటే బిడ్డ కిందికి జారడం సులువు, తల్లి అడిగితే కూర్చోనివ్వాలి." పక్కన ఓ పెద్ద రబ్బరు బంతి, ఓ చిన్న స్టూలు. అందరూ నోట్సు రాసుకుంటున్నారు, నాకు నవ్వాగలేదు. ఏ బడికీ పోని ఆయమ్మ నాకు ముందే చెప్పేసిన పాఠం అది. ఆ రాత్రి లేకపోతే నేనూ బుద్ధిగా రాసుకుని, పరీక్ష రాసి, మర్చిపోయేదాన్ని.

ఇదంతా మన దగ్గర ఎందుకొచ్చిందో కూడా విను. ఆపరేషన్ కాన్పులు తగ్గించాలని తెలంగాణలో ఈ మిడ్‌వైఫరీ ట్రైనింగ్ 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, దేశం మొత్తం మీద 21.5. డాక్టర్లనే అంటారు గానీ, పంతులు గారు ముహూర్తం 9:40 అని రాసిచ్చిన చీటీ కొంగున కట్టుకొచ్చే అత్తగార్లను ఎవరూ ఏమీ అనరు. నొప్పులు మొదలైన అమ్మాయి నడుస్తుంటే "సిస్టర్, ఈ నడిపించుడేంది, కోసి తీయరాదా" అని నాతో గొడవపడ్డ తల్లులు ఎంతమందో! డాక్టర్ని ఒప్పించడం తేలిక, వీళ్లనే కష్టం.

అమెరికా ఆశతో అడిగుంటే అది వేరే లెక్క. అక్కడ నర్స్ ప్రాక్టీషనర్ పని 1965లోనే కొలరాడోలో మొదలైంది. నా క్లాస్‌మేట్ టెక్సాస్‌లో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్. మందులు తనే రాస్తుంది, కాకపోతే డాక్టరుతో ఒప్పందం ఉండాలట. ముందు ఎన్‌క్లెక్స్ (అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష), తర్వాత అక్కడి మాస్టర్స్, తర్వాత ఇంకో బోర్డు పరీక్ష. ఇక్కడి సర్టిఫికెట్ పట్టుకుపోతే అక్కడ చెల్లదు. ఇక్కడ మనం చూసేది మామూలు కాన్పులు, తేడా కనిపిస్తే డాక్టర్‌కి అప్పగిస్తాం. సొంత క్లినిక్ గట్రా కలలుంటే ఇప్పుడే మానుకో.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. అనుభవం సర్టిఫికెట్‌లో "లేబర్ రూమ్" అని స్పష్టంగా రాయించుకో. నాకు ఉత్త "స్టాఫ్ నర్స్" అని రాసిచ్చారు. అది మార్పించడానికి మూడు వారాలు క్లర్కు టేబుల్ చుట్టూ తిరిగాను, అది కూడా నైట్ డ్యూటీ దిగి.