ఒక్క వానాకాలానికే పెచ్చులూడిన గోడ చిత్రానికి పరిష్కారం

కాలనీ చివర మట్టికట్టను ఆపే కాంక్రీటు గోడపై మీరందరూ కలిసి వేసిన చిత్రం ఒక్క వర్షాకాలానికే పెచ్చులూడిందని, అడుగున తెల్లని పొడి కనిపిస్తోందని రాశారు. అంత శ్రమ అలా రాలిపోవడం నిజంగా బాధాకరం. అయితే లోపం రంగుది కాదని నా అభిప్రాయం. గోడ వెనుక మట్టిలోని నీరు కాంక్రీటు గుండా బయటికి వస్తూ లవణాలను మోసుకొస్తుంది. నీరు ఆవిరైన చోట అవి స్ఫటికాలుగా మారి రంగు పొరను లోపలి నుంచి నెట్టివేస్తాయి.

ముందుగా, నీరు పోవడానికి గోడలో వదిలిన రంధ్రాలను చూడండి. చిత్రం నునుపుగా రావాలని ఎవరైనా వాటిని పూడ్చి ఉంటే వెంటనే తెరిపించండి, ఎందుకంటే వెనుక నీటి ఒత్తిడి పెరిగితే గోడే ఒరిగే ప్రమాదం ఉంది. ఆ రంధ్రాలను పక్షి గూళ్లుగానో చేప కళ్లుగానో చిత్రంలో కలుపుకోవచ్చు.

తెల్లపొడిని తడపకుండా ఇనుప బ్రష్‌తో గీకి ఊడ్చేయండి. నీళ్లు చల్లితే లవణాలు కరిగి మళ్లీ లోపలికి ఇంకుతాయి. సంక్రాంతి దాటాక ఒక ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి, 24 గంటల తరువాత లోపలివైపు చెమ్మ లేకుంటేనే పని మొదలుపెట్టండి. కాంక్రీటులోని క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), దానిపై బయటి గోడలకు వాడే అక్రిలిక్ ఎమల్షన్ (నీళ్లతో కలిపే రంగు) సరిపోతాయి. ఎనామెల్ (నూనె ఆధారిత మెరుపు రంగు) మాత్రం వద్దు, అది గోడలోని ఆవిరిని బయటికి పోనివ్వదు.

గోడ పురపాలక సంఘానిదైతే ఈసారి లిఖితపూర్వక అనుమతి తీసుకుని, రంధ్రాల మరమ్మతును కూడా అదే అర్జీలో కోరండి.