చవకైన ప్రతిదీ ‘చీప్’ కాదు

బెంగళూరుకు ఉద్యోగానికి వచ్చిన మన పిల్లలు తరచూ ఒక సందేహం అడుగుతుంటారు. ఇంగ్లిషు బాగానే వచ్చు, వ్యాకరణం తప్పడం లేదు, అయినా ఒక్కోసారి మాట పూర్తి కాకముందే ఎదుటివారి ముఖం ముడుచుకుంటుంది, ఎందుకని. కారణాలు ఎన్నో ఉండవచ్చు గానీ, నేను ఎక్కువసార్లు గమనించింది ఒక చిన్న విశేషణాన్ని: చీప్. అద్దె ఇల్లు అడిగినా, ఆఫీసులో ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో సూచించినా, ధర తక్కువ అని చెప్పవలసిన చోటల్లా మన నోటికి ముందుగా వచ్చేది అదే.

ఈ తేడా మనకు తెలియనిదేమీ కాదు. తెలుగులో చౌక వేరు, చౌకబారు వేరు. చౌకగా దొరికిన చీర పదేళ్లు మన్నవచ్చు. చౌకబారు మాటను మాత్రం ఎవరూ మెచ్చుకోరు. ఇంగ్లిషులో ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో కాపురం చేస్తున్నాయి. మీరు మొదటిది అనుకుని అంటారు, వినేవారు రెండోది అనుకుంటారు. నిజానికి ఆ మాట పుట్టుకలో ఏ మచ్చా లేదు. పాత ఇంగ్లిషులో దానికి బేరం, వ్యాపారం, సంత అనే అర్థాలుండేవి. లండన్‌లోని చీప్‌సైడ్ వీధి మధ్యయుగాల నాటి బజారు కాబట్టే దానికి ఆ పేరు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ పేరులోనూ ఆ మూలమే ఉంది, వర్తకుల రేవు అని అర్థం. మంచి బేరం కుదిరితే ‘గుడ్ చీప్’ అనేవారు. కాలక్రమంలో ముందున్న ‘గుడ్’ జారిపోయింది, నాసిరకం అనే అర్థం వచ్చి చేరింది.

అందుకే నేను చెప్పేది ఒకటే. మీరు డబ్బు పెట్టి కొన్న టికెట్టు గురించి, మీకు దొరికిన ధర గురించి ఆ మాటను నిశ్చింతగా వాడండి. ఎదుటివారి ఇల్లు, ఎదుటివారి పని, వారు ప్రేమతో ఇచ్చిన వస్తువు గురించి మాత్రం వాడకండి.

ఇంటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా నలిగేది అక్కడే. యజమానితో చీప్ ఇల్లు కావాలంటే, ఆయన ఇంటినే తక్కువ చేసినట్టు వినిపిస్తుంది. ‘రీజనబుల్’ అద్దె అనండి. ఆ ప్రాంతానికి, ఆ ఇంటికి తగిన అద్దె అని దాని అర్థం, ఎవరి మనసూ నొచ్చదు. ‘అఫర్డబుల్’ దానికి పర్యాయపదం కాదు. అది ఇంటిని కాదు, మీ జేబును బట్టి ఉంటుంది. బెంగళూరులో పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడగడం పాత అలవాటు. ఇప్పుడు కొందరు తగ్గించారు గానీ, అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. నెలకు 25 వేల అద్దె ఆ వీధికి తగినదే కావచ్చు. కానీ తాళం చేతికి రావాలంటే రెండున్నర లక్షలు ఒక్కసారే కట్టాలంటే, మొదటి జీతం కూడా చూడని కుర్రవాడికి అది భరించగలిగిన ఇల్లా? అప్పుడు అద్దె రీజనబుల్‌గానే ఉంది, అడ్వాన్సు మాత్రం అఫర్డబుల్ కాదు అని చెప్పండి. అద్దెను తప్పుపట్టకుండా అడ్వాన్సు దగ్గర బేరం మొదలవుతుంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ ఉండకూడదంటుంది. అయితే రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలయ్యే చట్టం అది. కాబట్టి దాన్ని చూపి పోట్లాడటం కంటే, మంచి మాటతో తగ్గించమని అడగడమే మేలు.

‘ఎకనామికల్’ దారి వేరు. అది ధరను కాదు, వాడకంలో కలిసివచ్చే పొదుపును చెబుతుంది. రోజూ సిటీ బస్సెక్కి ఆఫీసుకు వెళ్లేవారికి నెల పాసు ఎకనామికల్. నెలకు ఒకటి రెండుసార్లు ఎక్కేవారికి, అదే ధర అయినా, కాదు. దీన్ని ‘ఎకనామిక్’తో కలపకండి, అది ఆర్థిక వ్యవస్థకు సంబంధించినది. ‘ఇన్‌ఎక్స్‌పెన్సివ్’ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ధర తక్కువ, అంతే, నింద లేదు. అనుమానం వచ్చినప్పుడు దాన్నే వాడండి.

ఆఫీసులో పై అధికారులకు ఒక మార్గం సూచించేటప్పుడు ‘కాస్ట్ ఎఫెక్టివ్’ అనడం సరైనది. పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం వస్తుందని అందులో ఉంది. మంగళయాన్‌నే తీసుకోండి. ఈ ఊళ్లోనే ప్రధాన కార్యాలయం ఉన్న ఇస్రో సుమారు 450 కోట్ల రూపాయలతో 2013లో ప్రయోగించి, 2014లో అంగారక కక్ష్యలో నిలిపిన ఘనత అది. దాన్ని ‘ఫ్రూగల్’, అంటే పొదుపుగా చేసినది అంటే, ఇంజనీర్ల తెలివికి పొగడ్త. చీప్ అంటే అన్నవారికే చిన్నతనం.

మనుషుల దగ్గరికి వస్తే మరింత జాగ్రత్త కావాలి. ‘త్రిఫ్టీ’ అంటే పొదుపరి, మంచి మాట. ‘స్టింజీ’ అంటే పిసినారి. అమెరికావాళ్లు మనిషిని చీప్ అంటే కూడా పిసినారి అనే. బ్రిటన్‌లో అదే అర్థానికి ‘మీన్’ అంటారు. అమెరికాలో మాత్రం ‘మీన్’ అంటే కఠినుడు, దయలేనివాడు. రెండు దేశాల వారితోనూ ఫోనులో మాట్లాడే ఉద్యోగాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ మాట వినగానే బాధపడకుండా, అన్నవారు ఏ దేశస్థులో ముందు చూసుకోండి.

మన రేషను దుకాణాన్ని తెలుగులో చౌక ధరల దుకాణం అంటాం. ఇంగ్లిషులో అది ‘ఫెయిర్ ప్రైస్ షాప్’. ఇక్కడి బోర్డుల మీద కన్నడంలో ‘న్యాయబెలె అంగడి’ అని ఉంటుంది, న్యాయమైన ధర అని. అక్కడ బియ్యం తీసుకునేవారిని ఏ భాషా తక్కువ చేయలేదు, నాకది ఎంతో నచ్చుతుంది.

ఇక కేఆర్ మార్కెట్‌లో పూలకో కూరగాయలకో వెళితే ఈ ఇంగ్లిషు మాటలన్నీ పక్కన పెట్టండి. కన్నడంలో చవకను ‘అగ్గ’ అంటారు. తెలంగాణ నుంచి వచ్చిన వారికి అది తమ ‘అగ్గువ’కు చుట్టంలాగే వినిపిస్తుంది. ధర తగ్గించమనడానికి ‘స్వల్ప కడిమె మాడి’ అంటే చాలు. చివర ‘మాడి’ అనండి, ‘మాడు’ అనకండి. పెద్దవారైన అమ్మకందారులను మనం ‘చెయ్యి’ అనం కదా, ‘చెయ్యండి’ అంటాం.