ఉబుంటులో డ్రూపల్: ముఖపుట వస్తుంది, మిగతా పేజీలు రావు, ఎందుకు?

ఉబుంటు 24.04 సర్వర్‌పై అపాచీ అనే వెబ్ సర్వర్‌తో డ్రూపల్ 11 (వెబ్‌సైట్లను నిర్మించి, నిర్వహించే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసిన తరువాత ముఖపుట తెరుచుకొని, మిగిలిన పేజీలన్నీ 404 (పేజీ దొరకలేదు) చూపుతున్నాయంటే, లోపం సాధారణంగా డ్రూపల్‌లో కాక అపాచీ అమరికలో ఉంటుంది. డ్రూపల్ చిరునామాలను ఇండెక్స్ ఫైలుకు మళ్లించే నియమాలు హెచ్‌టీయాక్సెస్ (.htaccess) ఫైలులో ఉంటాయి. ఉబుంటులో అపాచీ ఆ ఫైలును అప్రమేయంగా పట్టించుకోదు. కాబట్టి చిరునామాలను మళ్లించే రీరైట్ మాడ్యూల్‌ను క్రియాశీలం చేసి, సైటు డైరెక్టరీకి సంబంధించిన 'అలౌ ఓవర్‌రైడ్' (AllowOverride, ఆ ఫైలును పాటించాలో లేదో చెప్పే అమరిక) విలువను 'ఆల్'గా మార్చి, అపాచీని పునఃప్రారంభించాలి.

కంపోజర్‌తో (పీహెచ్‌పీ ప్యాకేజీలను దించి అమర్చే సాధనం), డ్రూపల్ సిఫారసు చేసిన ప్రాజెక్టు నమూనా ప్రకారం ఇన్‌స్టాల్ చేసి ఉంటే, డాక్యుమెంట్ రూట్ (అపాచీ బయటికి చూపే ఫోల్డరు) ప్రాజెక్టు ఫోల్డరును కాక దానిలోని 'వెబ్' ఫోల్డరును సూచించాలి. ఇది భద్రతకు సంబంధించిన విషయం కూడా: కంపోజర్ తెచ్చిన కోడ్ ఉండే వెండర్ ఫోల్డరులోని ఫైళ్లు బయటివారికి అందకూడదు.

డ్రూపల్ రాసిన భాష పీహెచ్‌పీ గురించి ఆందోళన అక్కరలేదు. డ్రూపల్ 11కు కావలసిన 8.3 ఈ ఉబుంటులోనే లభిస్తుంది. అయితే జీడీ, ఎక్స్‌ఎమ్‌ఎల్, ఎమ్‌బీస్ట్రింగ్, మైఎస్‌క్యూఎల్ పొడిగింపులను విడిగా చేర్చుకోవాలి.

చివరగా ఒక విన్నపం. అనుమతుల సమస్య ఎదురైనప్పుడు ప్రాజెక్టు మొత్తానికి 777 (అందరికీ చదివే, రాసే, నడిపే అనుమతి) ఇవ్వమని చాలామంది చెబుతారు. దయచేసి అలా చేయకండి. అప్‌లోడ్లు చేరే 'ఫైల్స్' ఫోల్డరులో మాత్రమే అపాచీ వాడుకరికి రాసే అనుమతి ఇచ్చి, ఇన్‌స్టలేషన్ ముగిశాక సెట్టింగ్స్ ఫైలును చదవడానికి మాత్రమే వీలుండేలా ఉంచండి.