ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా వింటే పసిపిల్లల మెదడు తికమకపడుతుందా?

పడదు; బరంపురం, పర్లాకిమిడి, రాయగడలలో లాగా రెండు భాషల మధ్య పెరిగే పిల్లల మెదడు ఆ రెండింటి ధ్వనులనూ విడివిడిగానే పట్టుకుంటుంది. లోపలి చెవిలోని కాక్లియా శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. అవి కణతల వెనుక ఉండే మెదడు భాగానికి చేరతాయి. ఏ ధ్వని తేడా అర్థాన్ని మారుస్తుందో మెదడు రోజూ వినే మాటల నుంచే నేర్చుకుంటుంది. ఆరేడు నెలల పసివాళ్లు ఎన్నడూ వినని భాషలోని తేడాలను కూడా గుర్తించగలరు, ఇది నిజంగా అద్భుతం. వినకపోతే మాత్రం ఏడాది నిండేసరికి ఆ శక్తి తగ్గుతుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ల పిల్లల్లో హిందీ 'ట', 'త'ల విషయంలో ఇదే చూపించారు.

మన 'మెడ', 'మేడ' చూడండి. తెలుగులో అర్థమే వేరు. ఒడియా ఉచ్చారణలో ఎ, ఏ అనే తేడా లేదు. ఆ తేడా చెవికి అలవాటు కావాలంటే ఇంట్లో తెలుగు వినబడాలి.

రెండు భాషల వల్ల మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ. ఒకే వాక్యంలో రెండూ కలిపేసినా టెన్షన్ వద్దు, అది మామూలే. మాటలు నిజంగానే ఆలస్యమైతే తెలుగు మాన్పించకండి, ముందు వినికిడి పరీక్ష చేయించండి.