ఫీనిక్స్ ఎండలో ఇరవై ఏళ్ల ఏసీ

ప్రశ్న: మాది అరిజోనాలోని చాండ్లర్. 2006లో కట్టిన ఇల్లు, ఒకటే అంతస్తు, 2,400 చదరపు అడుగులు. ఇంటితోపాటు వచ్చిన 5 టన్నుల హీట్ పంపే (చలికాలంలో ఇంటిని వెచ్చబరచే పని కూడా చేసే ఏసీ) ఇప్పటికీ నడుస్తోంది. గత జూలైలో గ్యాస్ తగ్గిందని నింపారు, సెప్టెంబరుకల్లా మళ్లీ తగ్గింది. ఎండాకాలంలో సాయంత్రం నాలుగు దాటితే థర్మోస్టాట్ 77 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టినా ఇల్లు 83 కంటే దిగేది కాదు. మూడు సంస్థలను పిలిపించాను. మొదటివారు 5 టన్నుల మామూలు హీట్ పంప్‌కు 11,800 డాలర్లు, రెండోవారు అదే పరిమాణంలో, అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ యంత్రానికి 16,500 డాలర్లు చెప్పారు. మూడోవారు ఐదు టన్నులు చాలవని, మూడేసి టన్నుల యంత్రాలు రెండు పెట్టాలని, 21,000 డాలర్లు అవుతుందని అన్నారు. ముగ్గురిలో ఒక్కరూ అటక ఎక్కి చూడలేదు. వచ్చే మే నెలలో గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు వస్తున్నారు. మరమ్మతుతో ఇంకో ఏడాది నెట్టుకు రావచ్చా? మార్చవలసి వస్తే ఈ మూడింటిలో ఏది మంచిది?
– ఒక పాఠకుడు, చాండ్లర్

జవాబు: మార్చడమే మంచిది. అయితే దానికి కారణం యంత్రం వయసు కాదు, అందులో ఉన్న గ్యాస్. 2006 నాటి మీ యంత్రంలో ఉన్నది దాదాపు కచ్చితంగా ఆర్-22 అయి ఉంటుంది. యంత్రం పక్కన అతికించిన రేకు మీద ఆ పేరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఓజోన్ పొరకు హాని చేసే ఆ గ్యాస్ ఉత్పత్తిని, దిగుమతిని అమెరికాలో 2020 జనవరి 1 నుంచి ఆపేశారు. ఇప్పుడు దొరుకుతున్నది పాత నిల్వలు, పాత యంత్రాల నుంచి తీసి శుద్ధి చేసిన సరుకు మాత్రమే కాబట్టి దాని ధర దిగివచ్చే అవకాశం లేదు. రెండు నెలల్లో మళ్లీ తగ్గిందంటే గ్యాస్ ఎక్కడో కారుతోంది. కారే చోటు కనిపెట్టకుండా నింపించుకోవడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఆ చోటు లోపలి కాయిల్‌లో ఉన్నట్టు తేలితే, ఇరవై ఏళ్ల యంత్రానికి కొత్త కాయిల్ కొనడంలో అర్థం లేదు.

ఈ సలహా మీ యంత్రానికే వర్తిస్తుంది, పాత ఏసీలన్నిటికీ కాదు. ఫీనిక్స్ ప్రాంతంలో జూలై మధ్యాహ్నాల్లో ఆగిపోయే యంత్రాల్లో చాలావాటి జబ్బు చిన్నదే. బయటి యూనిట్ గుయ్‌మని శబ్దం చేస్తూ ఫ్యాన్ తిరగకపోతే మొదట అనుమానించవలసింది మోటారు తిరగడానికి కరెంటు ఊతమిచ్చే కెపాసిటర్‌ను. వేడికి దాని పైమూత ఉబ్బిపోయి కనిపిస్తుంది. ఆ చిన్న డబ్బాను మారిస్తే సరిపోయేదానికి, ఇల్లు 95 డిగ్రీలకు చేరి పిల్లలు ఏడుస్తున్న వేళ మొత్తం యంత్రం పోయిందని చెప్పి సంతకం పెట్టించుకునేవారూ ఉన్నారు. అందువల్ల వేసవి నడుమ, ఒక్కరి మాట మీద ఎవరూ కొత్త యంత్రం కొనవద్దు. మీకు మే వరకు వ్యవధి ఉండడం అదృష్టం.

ఇక మూడు కొటేషన్ల సంగతి. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది చివరలో చెప్పిన అటక మాటే. మీ ఇల్లు సాయంత్రం 83 దగ్గర ఆగిపోవడానికి సగం కారణం గ్యాస్ తగ్గడమైతే, మిగతా సగం ఆ అటకలోనే ఉండవచ్చు. ఇక్కడి ఒంటి అంతస్తు ఇళ్లలో చల్లగాలిని మోసే డక్టులు అటకలోనే పరచి ఉంటాయి. జూలై మధ్యాహ్నం ఆ అటక 140 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే, అంటే మన సెల్సియస్‌లో 60. సగటు అమెరికన్ ఇంట్లో డక్టుల అతుకుల నుంచి 20 నుంచి 30 శాతం గాలి బయటకు పోతుందని ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమంవారే చెబుతున్నారు. 55 డిగ్రీల గాలిని 140 డిగ్రీల అటకలోకి వదిలేస్తూ టన్నులు పెంచుకుంటూ పోతే పెరిగేది బిల్లే.

రెండు పరీక్షలు మీరే చేసుకోవచ్చు. ఏసీ నడుస్తుండగా పడకగది తలుపును సగం మూసి వదలండి. తలుపు తనంతట తానే కదిలి మూసుకుపోతే ఆ గదిలోకి వచ్చిన గాలికి తిరిగి వెళ్లే దారి లేదన్నమాట. తర్వాత గోడకో పైకప్పుకో ఉన్న పెద్ద జాలీ దగ్గర నిలబడండి. ఈల వేసినట్టు శబ్దం వస్తున్నా, ఫిల్టర్ అట్ట లోపలికి వంగిపోయి ఉన్నా, 5 టన్నుల యంత్రం పీల్చుకోవడానికి ఆ ఒక్క జాలీ చాలడం లేదు. ఊపిరి ఆడని యంత్రం తీసి మరో యంత్రం పెట్టినా దానికీ ఊపిరి ఆడదు. ఈ కట్టడాల్లో తిరుగుగాలి జాలీ చిన్నదిగా ఉండడం తరచుగా కనిపించే లోపం. రెండో జాలీ పెట్టడం ఒక పూట పని.

పరిమాణం విషయంలో మూడోవారి మాటను వెంటనే నమ్మవద్దు, మొదటి ఇద్దరి మాటను కూడా నమ్మవద్దు. పాత స్టిక్కర్ చూసి 5 టన్నులకు 5 టన్నులు అనడం, ఇంటిని చూసి 6 టన్నులు అనడం, రెండూ అంచనాలే. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని తీసివేయడం. మీ ఇంట్లోకి ఎంత వేడి చేరుతోందో కిటికీల వైశాల్యం, అవి చూసే దిక్కు, అటకలోని ఇన్సులేషన్ మందం, గాలి చొరబాటు అన్నీ కొలిచి లెక్కకట్టే పద్ధతి ఒకటుంది. దాన్ని మాన్యువల్-జె అంటారు. గదివారీగా ఆ లెక్క చేసి కాగితం మీద ఇవ్వగలవారికే పని ఇవ్వండి. ఆ లెక్కలో బయటి ఉష్ణోగ్రతను ఫీనిక్స్‌కు తగినట్టు 108 నుంచి 110 మధ్య తీసుకున్నారో లేదో చూడండి. పడమటి కిటికీలకు ఎండ తెరలు బిగించి, అటకలో ఇన్సులేషన్‌ను కనీసం ఆర్-38 స్థాయికి (ఇది గ్యాస్ పేరు కాదు, వేడిని అడ్డుకునే శక్తికి కొలత) పెంచితే ఆ లెక్కే తగ్గి వస్తుంది, అప్పుడు ఆరు టన్నుల ప్రస్తావనే రాకపోవచ్చు.

సామర్థ్యపు అంకెల దగ్గర ఎడారివాసులకు ఒక చిక్కు ఉంది. తిన్న కరెంటుకు యంత్రం ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకెల్లో, కరపత్రాల మీద పెద్ద అక్షరాలతో వేసేది సీర్2. అది ఒక వేసవి మొత్తానికి సగటు. అనేక వేగాలతో నడిచే యంత్రాలకు ఆ సగటు కట్టేటప్పుడు తీసుకునే ఉష్ణోగ్రతలు 67తో మొదలై 102తో ముగుస్తాయి. ఆ 102కు దక్కే వాటా వెయ్యింట నాలుగు మాత్రమే. ఫీనిక్స్‌లో 2023లో జూన్ చివరి నుంచి వరుసగా 31 రోజులు 110, ఆపైన నమోదయింది. ఆ మరుసటి ఏడాది 110 తాకిన రోజులు మొత్తం 70. అటువంటి ఊరికి ఆ సగటు ఎంతవరకు వర్తిస్తుందో మీరే ఆలోచించండి. మీరు అడగవలసినది ఈఈఆర్2 అనే మరో అంకె. అది బయట 95 డిగ్రీలున్నప్పుడు కొలిచేది. అదీ మన ఎండకు తక్కువే గానీ నిజానికి కొంత దగ్గర. 2023 నుంచి అరిజోనా, కాలిఫోర్నియా, నెవాడా, న్యూమెక్సికోలలో అమర్చే ఏసీలకు సీర్2తోపాటు ఈఈఆర్2కు కూడా కనీస పరిమితి పెట్టడానికి కారణం ఇదే. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే, తయారీదారు ప్రచురించే పనితీరు పట్టికలో 115 డిగ్రీల వరుస చూపించమనండి. 95 దగ్గర ఇచ్చే చల్లదనంలో సుమారు పదో వంతు అక్కడికి వచ్చేసరికి తగ్గిపోతుంది.

ఇన్వర్టర్ యంత్రం చెడ్డదని నేను అనను. రాత్రిళ్లు, మార్చి, అక్టోబరు నెలల్లో అది నిశ్శబ్దంగా, పొదుపుగా నడుస్తుంది. అయితే 112 డిగ్రీల మధ్యాహ్నం అది కూడా పూర్తి వేగంతోనే తిరగాలి కాబట్టి ఆ వేళ దాని ఆధిక్యం చాలావరకు కరిగిపోతుంది. పైగా బయట ఎండలో నిలిచే దాని సర్క్యూట్ బోర్డు చెడితే మామూలు కెపాసిటర్‌లా ఏ వ్యాన్‌లోనూ సిద్ధంగా దొరకదు. మీ డబ్బు నాదైతే, ఈఈఆర్2 బాగున్న ఒక వేగపు లేదా రెండు వేగాల హీట్ పంప్ తీసుకుని, మిగిలిన నాలుగైదు వేల డాలర్లను డక్టుల అతుకులు మూయించడానికి, రెండో జాలీకి, పడమటి తెరలకు ఖర్చు పెడతాను. ఇక్కడి చలికాలం మెత్తనిది గనుక హీట్ పంప్‌ను వదులుకోవలసిన పని లేదు.

ఇంకొన్ని జాగ్రత్తలు. బయటి యూనిట్‌నూ లోపలి కాయిల్‌నూ జతగానే మార్చాలి. ఆ జతకు ఏహెచ్‌ఆర్‌ఐ (ఏసీ తయారీదారుల సంఘం) ధ్రువీకరణ సంఖ్య అడగండి. అరిజోనా రిజిస్ట్రార్ ఆఫ్ కాంట్రాక్టర్స్ వెబ్‌సైట్‌లో సంస్థ లైసెన్సు ఏసీ పనులకిచ్చే ఆర్-39 లేదా సీఆర్-39 తరగతిలో ఉందో లేదో, ఫిర్యాదులేమైనా ఉన్నాయో చూడండి. హీట్ పంప్‌కు రెండు వేల డాలర్ల వరకు వచ్చే ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఇంకా దాన్ని చూపి ధర తగ్గినట్టు లెక్క చెప్పేవారుంటే అక్కడే ఆపండి. గొట్టాలను నైట్రోజన్‌తో పరీక్షించడం, గొట్టాల్లోని గాలిని, తేమను తీసేస్తూ 500 మైక్రాన్ల (పీడనపు కొలత) కంటే కిందికి వ్యాక్యూమ్ లాగడం, పని ముగిశాక డక్టుల్లోని పీడనం కొలిచి రాసివ్వడం, ఈ మూడూ ఒప్పందంలో ఉండాలి. మీరు చల్లని నెలల్లో పెట్టిస్తారు కాబట్టి, 105 దాటిన మొదటి వారంలో మరోసారి వచ్చి గ్యాస్ కొలతలు సరిచూడాలని కూడా రాయించుకోండి. చాలా కంపెనీల పదేళ్ల వారంటీకి రెండు మూడు నెలల్లోపు పేరు నమోదు చేసుకోవాలి. ఆ పని సంస్థవారు చేస్తారని ఊరుకోవద్దు.

ప్రశ్న: కొత్త ఏసీల్లో నిప్పంటుకునే గ్యాస్ వాడుతున్నారని విన్నాను. మా ఇంట్లో రోజూ దీపారాధన ఉంటుంది, ఏడాదికొకసారి చిన్న హోమం కూడా చేయిస్తాం. ఆ గ్యాస్ వద్దని పాత రకమే అడగవచ్చా?
– ఒక పాఠకురాలు, గిల్బర్ట్

జవాబు: మీరు విన్నది నిజమే గానీ భయపడేంత కాదు. ఆర్-22 తర్వాత ఇటీవలి వరకు ఇంటి ఏసీల్లో వాడిన ఆర్-410ఏ గ్యాస్ వాతావరణాన్ని వేడెక్కించే శక్తిలో బొగ్గుపులుసు వాయువుకు 2,088 రెట్లు. ఈ విలువ 700 దాటిన గ్యాస్‌తో ఇంటి ఏసీలను 2025 జనవరి 1 నుంచి కొత్తగా తయారు చేయకూడదన్నది ఇప్పటి నిబంధన. అందుకే ఆర్-454బీ, ఆర్-32 అనే కొత్త గ్యాస్‌లు వచ్చాయి. వాటికి స్వల్పంగా మండే గుణం ఉంది. మీ వంటింటి సిలిండర్ గ్యాస్ గాలిలో రెండు శాతం చేరితే చాలు, నిప్పు అంటుకుంటుంది. ఆర్-32కు అది సుమారు 14 శాతం కావాలి. పైగా మంట మెల్లగా సాగుతుంది. ఆర్-454బీతో వచ్చే ఇంటి యంత్రాల్లో లోపలి కాయిల్ దగ్గర గ్యాస్ పసిగట్టే సెన్సర్ ఉంటుంది. లీకైతే అది కంప్రెసర్‌ను ఆపి, ఫ్యాన్‌ను తిప్పి గ్యాస్‌ను చెదరగొడుతుంది. దీపారాధన నిశ్చింతగా చేసుకోండి. హోమం రోజున పొగకు ఏసీ ఆపడం వేరే కారణాలకు మంచిదే, ఫిల్టర్ అయినా బతుకుతుంది. పాత గ్యాస్ యంత్రం ఎక్కడైనా మిగిలి ఉందని చవకగా ఇస్తామన్నా, పదేళ్ల తర్వాత ఆర్-22 వారికి వచ్చిన అవస్థే మీకూ వస్తుంది. పాత యంత్రంలో కొత్త గ్యాస్ నింపుతామనేవారిని మాత్రం గడప దాటనివ్వవద్దు.

ప్రశ్న: కరీంనగర్‌లో మా ఇంట్లో వేసవి అంతా కూలర్‌తోనే గడిచేది. ఇక్కడ గాలి అంతకంటే పొడి కదా, ఏసీ మార్చే బదులు కూలర్ పెట్టుకుంటే చాలదా?
– ఒక పాఠకుడు, మీసా

జవాబు: మే, జూన్ నెలల్లో చాలుతుంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో ఫారెన్‌హీట్ లెక్కలో 20 డిగ్రీలకు పైగానే చల్లబరుస్తుంది, కరెంటూ తక్కువ. జూలై వచ్చి ఇక్కడి వానాకాలపు తేమ చేరగానే ఇల్లంతా జిగటగా తయారవుతుంది, సరిగ్గా అప్పుడే మీకు చల్లదనం అవసరం. ఇక్కడి నీటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి మెత్తలు త్వరగా గట్టిపడతాయి. గ్యారేజీకో వరండాకో పెట్టుకోండి. ఏసీ నడుస్తున్న ఇంట్లో మాత్రం కూలర్ వేయవద్దు. ఒకటి తేమను నింపుతుంటే మరొకటి దాన్నే తీయడానికి కరెంటు తింటుంది.

ప్రశ్న: బయటికి వెళ్లేటప్పుడు ఏసీ ఆపేస్తాం, వాడని గదుల గాలి జాలీలు మూసేస్తాం. అయినా బిల్లు తగ్గడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, పియోరియా

జవాబు: ఈ రెండూ మన ఊళ్లో గదికో ఏసీ ఉన్న ఇళ్ల అలవాట్లు. ఇక్కడ ఇంటికంతటికీ ఒకటే యంత్రం. గదుల జాలీలు మూస్తే డక్టుల్లో పీడనం పెరిగి, చల్లగాలి అతుకుల నుంచి అటకలోకి పోతుంది. పగలంతా ఆపేస్తే గోడలు, మంచాలు, సోఫాలు అన్నీ వేడెక్కుతాయి. మీరు ఆఫీసు నుంచి వచ్చి ఏసీ వేసే వేళకు యంత్రం రెండు మూడు గంటలు ఆగకుండా తిరగాలి. అరిజోనా పబ్లిక్ సర్వీస్ అనే ఇక్కడి విద్యుత్ సంస్థ ఇచ్చే, సమయాన్ని బట్టి ధర మారే ప్లాన్లలో వారపు రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు ఖరీదైన గంటలు. మీరు సరిగ్గా ఆ గంటల్లోనే యంత్రాన్ని పరుగెత్తిస్తున్నారు. జాలీలన్నీ తెరవండి. బయటికి వెళ్లేటప్పుడు ఏసీ ఆపకుండా నాలుగైదు డిగ్రీలు పెంచి వెళ్లండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఇంటిని 75కు చల్లబరచి, నాలుగు కాగానే థర్మోస్టాట్ తానే 80కి మారేలా పెట్టండి. ఏడు తర్వాత మామూలుగా 78. ఇల్లు గంటలోపే 80 దాటిపోతుంటే చాండ్లర్ పాఠకుడికి చెప్పిన తలుపు పరీక్ష, జాలీ పరీక్ష మీరూ చేసి చూడండి.