ల్యాప్‌టాప్‌లో డాంగిల్ సిగ్నల్ ఎంతుందో చూడటం, పెంచుకోవడం ఎలా?

"గీతలు నిండుగా ఉన్నా నెట్ నత్తనడక నడుస్తోంది, 4జీ డాంగిల్ (సిమ్ వేసి ల్యాప్‌టాప్‌కి పెట్టే నెట్ పరికరం) మార్చేయాలా?" అని ఒకరు అడిగారు. అప్పుడే మార్చకండి. ఆ గీతలు ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కన చూపిస్తుంది. అంకె చూడాలి.

బ్రౌజర్‌లో డాంగిల్ సెట్టింగ్స్ పేజీ తెరవండి. చాలా హువావే డాంగిల్స్‌కి ఆ చిరునామా 192.168.8.1. డివైస్ వివరాల్లో ఆర్ఎస్ఆర్‌పీ (RSRP) అని మైనస్ అంకె ఉంటుంది. టవర్ నుంచి అందే సిగ్నల్ బలం అది, దాని కొలత డీబీఎం. -80 డీబీఎం అంటే బ్రహ్మాండం, -100 అయితే పని నడుస్తుంది, -110 కంటే కిందికి పడిపోతే టెన్షనే. పక్కనే ఎస్ఐఎన్ఆర్ (SINR), అంటే రొదతో (అడ్డుపడే ఇతర తరంగాలతో) పోలిస్తే సిగ్నల్ ఎంత ఉందో చెప్పే అంకె, ఉంటే అదీ చూడండి. అది సున్నా దగ్గర ఉంటే, సిగ్నల్ వస్తున్నా అందులో రొద ఎక్కువన్నమాట.

పెంచడానికి నేను ముందు చెప్పేది మంచి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్. మా ఇంట్లో ఇనప బీరువా పక్కన -112 చూపించిన డాంగిల్‌ని, మీటరున్నర కేబుల్‌తో కిటికీ ఊచకి కడితే -97 వచ్చింది. చూడటానికి 15 తేడానే, కానీ ఈ కొలతలో ప్రతి 10కీ శక్తి పది రెట్లవుతుంది కాబట్టి అందే శక్తి దాదాపు 30 రెట్లు పెరిగినట్టు! ల్యాప్‌టాప్ నుంచి వచ్చే రొదకీ డాంగిల్ దూరమవుతుంది. ముఖ్యంగా యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్‌డిస్క్ నడుస్తుంటే ఆ రొద ఎక్కువ. అందుకే వీలైతే డాంగిల్‌ని 2.0 పోర్టుకే పెట్టండి.

ఒక్కో కిటికీ దగ్గర రెండు నిమిషాలు ఉంచి అంకె రాసుకోండి, తొందరపడొద్దు.

ఆర్ఎస్ఆర్‌పీ, ఎస్ఐఎన్ఆర్ రెండూ బాగుండి, సాయంత్రాలు మాత్రమే నెమ్మదిస్తుంటే చాలావరకు టవర్ మీద రద్దీయే కారణం. అప్పుడు వేరే నెట్‌వర్క్ సిమ్ వేసి చూడండి.